రాళ్లవాగు తండా రొట్టెల షెడ్డు

కమ్లి చేసిన జొన్నరొట్టెను ఎండకు ఎదురుగా పట్టుకుంటే వెనక ఉన్న చేతి నీడ కనిపిస్తుంది. అంత పలచన. పెనం మీంచి తీసి ఆరబెడితే అప్పడంలా పెళపెళమంటుంది, నెల దాటినా చెడదు. బాన్సువాడ నుంచి కోటగిరి పోయే దారిలో, కాలువ నీళ్లు ఎక్కని మెరక మీద ఉంది రాళ్లవాగు తండా. ఆ తండాలో ఆడవాళ్లందరికీ ఆ రొట్టె చేయడం వచ్చు. చెరకు కొట్టడానికి మహారాష్ట్ర వైపు వలసపోయినప్పుడు మూటగట్టుకునేది ఆ రొట్టెలే. వాటిని డబ్బాల్లో పెట్టి దేశం దాటించవచ్చన్న ఆలోచన మాత్రం కమ్లి ఒక్కదానికే వచ్చింది.

ఆ ఆలోచన కూడా ఊరికే రాలేదు. ఆమె పెనిమిటి దేవ్‌సింగ్ కొన్నాళ్లు షార్జాలో సెంట్రింగ్ పని చేశాడు. పోయేటప్పుడు ఆమె సంచి నిండా రొట్టెలు పెట్టి పంపింది. గదిలో ఉన్న నిజామాబాద్ వాళ్లూ, నాందేడ్ వాళ్లూ అడిగి తీసుకుని పప్పులో నానేసుకుని తిన్నారు. కింద కిరాణా దుకాణం నడిపే కేరళ ఆయన కూడా ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, ఇవి కావాలంటే దొరుకుతాయా అని అడిగాడు. ఆ తర్వాత దేవ్‌సింగ్ పరంజా మీంచి పడి నడుము దెబ్బతిని ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు బాన్సువాడకూ కోటగిరికీ మధ్య షేర్ ఆటో నడుపుతున్నాడు. షార్జా నుంచి అతను తెచ్చుకున్నవాటిలో చివరికి పనికొచ్చింది ఆ దుకాణం ఆయన ఫోన్ నంబరే.

నంబరొక్కటే ఉంటే సరిపోదని కమ్లికి తొందరగానే తెలిసింది. తినే వస్తువు ఓడ ఎక్కాలంటే లైసెన్సు కావాలి, పరీక్ష చేయించిన కాగితం కావాలి, ఎగుమతి చేసేవాడిగా సర్కారు దగ్గర పేరుండాలి. మహిళా సంఘంలో అడిగితే, ఊళ్లో కొట్టు పెట్టుకుంటానంటే లోన్ ఇప్పిస్తాం గానీ ఓడల సంగతి మాకు తెలియదన్నారు. చివరికి దారి దొరికింది హరనాథబాబు దగ్గర. ఆయన తాతలు నిజాంసాగర్ కాలువ కింద పొలాలు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఆయనకు బాన్సువాడలో రైసుమిల్లుంది, మిల్లు బియ్యం గల్ఫ్‌కు పోతుంది. బియ్యం కంటైనర్‌లో ఒక మూల రొట్టెల డబ్బాలు పెట్టడానికి ఆయన ఒప్పుకున్నాడు.

"కాగితాలు నావి, సరుకు నీది. సరుకులో తేడా వచ్చిందంటే పోయేది నా పేరు. అది మర్చిపోకు అమ్మాయ్," అన్నాడు మొదటి రోజే.

పని పద్ధతి తండా బతుకులోంచే పుట్టింది. ఒకరి ఇంటికి వెళ్లి ఒకరి కింద పని చేయడమంటే తండా ఆడవాళ్లకు నచ్చదు. ఎవరి పొయ్యి వాళ్లది. ఆ పొయ్యిని ఇంకొకరు ముట్టుకోరు కూడా. అందుకని కమ్లి మద్నూర్ నల్లరేగడి జొన్నలు తెప్పించి, పిండి పట్టించి ఇంటింటికీ పంచేది. పొలం పోయే ముందు ఎవరి పొయ్యి మీద వాళ్లు రొట్టెలు కాల్చి, ఆమె వాకిట్లో జాలీ మంచాల మీద ఆరబెట్టి పోయేవాళ్లు. ఒక ఇంట్లో చావో, మైలో వస్తే ఆ పొయ్యి ఆగేది, పక్కింటి పొయ్యి ఆ వాటా అందుకునేది. ఎవరూ ఎవరికీ రాసిచ్చింది లేదు. ఎవరూ ఎవరినీ మోసం చేసిందీ లేదు. కమ్లి కూతురు ప్రియాంక బాన్సువాడలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు డబ్బాల మీద స్టిక్కర్లు అంటించేది.

అలా రెండేళ్లు గడిచాయి. షార్జాలో ఒక దుకాణం నాలుగయింది. మూడో ఏడు ఒక డబ్బాలో రొట్టెల అంచుల మీద పచ్చటి బూజు బయటపడింది. కేరళ ఆయన ఫోటో పంపాడు. ఆ ఫోటో పట్టుకుని హరనాథబాబు కమ్లిని మిల్లుకు పిలిపించాడు.

"ఇప్పుడు సరుకు అడుగుతున్నది పెద్ద దుకాణాలోళ్లు. ఇంటింటి పొయ్యి అంటే వాళ్లకు అర్థం కాదు. ఒక షెడ్డు ఉండాలి, నున్నటి నేలుండాలి, తలకు టోపీలుండాలి. అన్నిటికీ ఫోటోలు అడుగుతున్నారు. తేమ అనేది కనపడకూడదు. చెయ్యగలవా, లేకపోతే సరిహద్దులో డోంగ్లి అవతల మరాఠీ వాళ్లనెవరినైనా చూసుకోమంటావా?"

"చేస్త సారు," అంది కమ్లి. అనేసింది గానీ, పొయ్యిలు ఇళ్లలోంచి బయటికి రావాలంటే ఆమె ఒక్కతి ఒప్పుకుంటే కాదు.

తండాలో ఏ పెద్ద పనికైనా నాయక్ భిక్యా వాకిట్లో అందరూ కూర్చోవాలి. భిక్యా కమ్లికి కాకా వరస. కోపం తక్కువ, మాట తక్కువ, కానీ ఆయన ఒకసారి అన్నాక దానికి తిరుగులేదు. కమ్లి చెప్పిందంతా విని అడిగాడు.

"రొట్టెల పని ఇండ్లల్లున్నప్పుడు ఏదన్నయితే గా ఇంటోళ్లు సూస్కున్నరు. ఇప్పుడు అందర్ని ఒక్క కప్పు కిందికి తెస్తున్నవ్. ఎవరికన్న ఏమన్నయితే ఎవరు జవాబు చెప్పాలె?"

"నేనే చెప్త కాకా."

"సరే," అన్నాడు భిక్యా.

షెడ్డు లేచింది. రేకుల కప్పు, టైల్స్ నేల, వరసగా గ్యాసు పొయ్యిలు. ఆరబెట్టడానికి కమ్లి తన బుర్రతో ఒక ఏర్పాటు చేసింది. షెడ్డు వెనక ఇనుప పీపాలో వరిపొట్టు మండుతుంటుంది. మిల్లులో మూలపడ్డ పాత బ్లోయర్ ఆ వేడిని పెద్ద గొట్టంలోంచి షెడ్డులోకి ఊదుతుంది. లోపల జాలీ అరల మీద రొట్టెలు పూటలో ఆరిపోతాయి. ఆమె నేల మీద బొగ్గుతో గీసి చూపిస్తే బాన్సువాడ వెల్డింగ్ దుకాణం అతను అలాగే చేసిచ్చాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఎండాకాలమంతా తలుపులూ కిటికీలూ తెరిచి పని చేశారు, ఏ ఇబ్బందీ రాలేదు. వానలు పట్టుకున్నాక తేమ లోపలికి రాకుండా కమ్లి కిటికీలకూ, రేకుల సందులకూ దళసరి ప్లాస్టిక్ కవర్లు కొట్టించింది. తలుపు కూడా మూసే ఉంచమంది. ఆమె కళ్ల ముందు ఎప్పుడూ ఆ పచ్చటి బూజే ఆడుతుండేది.

మొదట పడిపోయింది భీమ్లి. నిండు బస్తా నెత్తికెత్తుకుని నడిచే మనిషి. ఒక పొద్దున పిండి ముద్ద చేతిలో ఉండగానే గోడకు ఒరిగి, అలాగే జారి కింద కూలబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ పిలిస్తే పలకలేదు. ఎత్తుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టి నీళ్లు చల్లితే కాసేపటికి లేచి కూర్చుంది. ఉపవాసం ఉన్నావా అని అడిగారు. లేదంది. రెండు రోజుల తర్వాత ఇంకొకామె కక్కుకుంది. ఆ మర్నాడు మరొకామె, గోడలు తన మీదికి వస్తున్నాయని గట్టిగా అరిచి బయటికి పరుగెత్తింది.

ఆ సాయంత్రం నీళ్ల ట్యాంకర్ దగ్గర ఒక మాట పుట్టింది. ఎవరన్నారో తెలియదు. మెల్లగానే అన్నారు. బాణామతి.

కమ్లి బిందె ఎత్తుకుని వెనుదిరిగే లోపల ఆ మాట చెవిన పడింది. ఆమె పుట్టిన తండా డోంగ్లి దగ్గర. అక్కడ ఆమె చిన్నప్పుడు ఎవరి కోడలికో మూర్ఛలొచ్చాయి. కమ్లి మేనత్త బాణామతి చేసిందన్నారు. ఆమె మంచి మాటకారి, ఇల్లిల్లూ తిరిగి పూసలూ అద్దాలూ అమ్మి నాలుగు పైసలు వెనకేసుకున్న మనిషి. మంత్రం నోట పలకకుండా చేయాలని పట్టకారుతో ఆమె పళ్లు పీకేశారు. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకునే బతికింది. ఆ రోజు అక్కడ నిలబడి చూసినవాళ్లలో పరాయివాళ్లెవరూ లేరు. అందరూ వరసలు పెట్టి పిలుచుకునేవాళ్లే. కమ్లికి ఎన్నటికీ మింగుడుపడనిది అదే.

ఇంటికొచ్చి బిందె దింపి, కమ్లి నాలుకతో తన పళ్లను తడుముకుంది. ఆ సంగతి తనకే ఆలస్యంగా తెలిసింది.

మర్నాడు షెడ్డు వెనక కోసిన నిమ్మకాయ, దాని మీద కుంకుమ కనిపించాయి. మొన్న బ్లోయర్ బాగు చేయడానికి వచ్చిన వెల్డింగ్ అతనే దిష్టి తీసి పడేశాడేమో. కమ్లికి ఆ సంగతి తట్టింది గానీ పైకి అనలేదు. చెబితే, నీకెట్ల తెలుసు అంటారు. పనికి సగం మందే వచ్చారు. వచ్చినవాళ్లు ఆమె ఇచ్చిన నీళ్లు తాగలేదు, ఇంటి నుంచి సీసాలు తెచ్చుకున్నారు. నిన్నటిదాకా పాట పాడుతూ రొట్టె తట్టిన చేతులు చప్పుడు చేయకుండా తడుతున్నాయి. ఆ నిశ్శబ్దంలో బ్లోయర్ హోరు ఒక్కటే వినపడింది.

కమ్లి బాన్సువాడ పోయి హరనాథబాబుకు చెప్పింది. ఆయన మిల్లు ఆఫీసు తలుపు దగ్గరికి వేశాడు.

"కంటైనర్ ఈ వారం ఎక్కాలి. ఈ మాట బయటికి పొక్కిందా, షెడ్డు చూడ్డానికి ఆఫీసర్లు వస్తారు. అక్కడి దుకాణాలోళ్లు ఆర్డర్ మానుకుంటారు. నువ్వు కంగారుపడక పని కానీ." ఆయన కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఆ తండా చివర ఒక ముసలమ్మ ఉందటగా, విరిగిన రొట్టెలు అడుక్కుపోతుందట. మా డ్రైవర్ చెప్పాడు. ఆమెను కాస్త దూరంగా ఉంచకూడదూ?"

ఇంగ్లీషులో ఒప్పందాలు రాసుకునే మనిషి. ఆయన కళ్లలోనూ అదే బెదురు కనిపించింది కమ్లికి. మనుషులు చదువుకున్నచోట ఆ మాట చెల్లదని ఇన్నాళ్లూ అనుకుంది.

ఆయన అన్న ముసలమ్మ భూమవ్వ. తండా మనిషి కాదు. తండాకూ కింది ఊరికీ మధ్య గుడిసెలో ఒంటరిగా ఉంటుంది. చీపుర్లు కట్టి అమ్ముతుంది, పసిపిల్లలకు కడుపునొప్పి వస్తే ఆకు పసరు ఇస్తుంది. కూతురు మద్నూర్‌లో ఉంది. విరిగిన రొట్టెల కోసం వారానికోసారి షెడ్డు దగ్గరికి వచ్చేది, కమ్లి ఆమె కొంగులో పోసేది.

ఆటోలో తిరిగొస్తుంటే కమ్లికి గుండె మీది బరువు ఎవరో దించినట్టు ఊపిరి తేలికగా ఆడింది. తండావాళ్లు తన వైపు చూడటం లేదు. భూమవ్వ వైపు చూస్తున్నారు. ఎందుకు హాయిగా అనిపించిందో అర్థమైన మరుక్షణం ఆమె ఆటో కమ్మీని గట్టిగా పట్టుకుంది. దేవ్‌సింగ్ అద్దంలో చూసి, కడుపులో తిప్పుతుందా అని అడిగాడు. ఆమె లేదని తలూపింది. భూమవ్వ సంగతి అతనికి చెప్పలేదు.

ఆ వారం వాన విడవలేదు. మనుషులు తక్కువయ్యారని ప్రియాంక కాలేజీ మానేసి షెడ్డులో డబ్బాలు సర్దడానికి కూర్చుంది. గొట్టం నోటికి దగ్గరగా, వెచ్చగా ఉంటుందని అక్కడే కూర్చుంది. మధ్యాహ్నం మిగతావాళ్లు అన్నానికి ఇళ్లకు పోయాక, పిలుద్దామని కమ్లి తలుపు తీసేసరికి ఆ పిల్ల డబ్బాల మీద తల వాల్చి ఉంది. నిద్రపోయిందనుకుని భుజం తట్టింది. తల పక్కకు వేలాడిపోయింది.

కమ్లి అరవలేదు. అరుస్తే జనం వస్తారు, వస్తే బిడ్డను ముట్టుకోనివ్వరేమో, భూత వైద్యుడిని పిలుస్తారేమో అన్న భయం ముందు పట్టుకుంది. ఒక్కతే ఈడ్చుకుంటూ బయటికి తెచ్చి దేవ్‌సింగ్‌కు ఫోన్ చేసింది. ఆటో బాన్సువాడ దవాఖాన దాకా పోతున్నంతసేపూ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చుంది. ఊపిరి తగులుతుంది, ఆగినట్టవుతుంది, మళ్లీ తగులుతుంది. దారిలో ట్రాక్టర్ అడ్డమొస్తే దేవ్‌సింగ్ హారన్ మీంచి చెయ్యి తీయలేదు.

దవాఖానలో ప్రియాంకకు ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి కళ్లు తెరిచి, అమ్మను చూసి, "యాడీ, తల పగిలిపోతుంది," అంది. అంతవరకూ కమ్లి గోడకు ఆనుకుని నిలబడే ఉంది.

డ్యూటీలో ఉన్న నర్సు స్వాతి కూడా తండా పిల్లే, ఇంకో మండలం నుంచి వచ్చింది. తమ భాషలోనే అడిగింది, ఎక్కడ పడిపోయింది, అక్కడ ఏం మండుతుంది, కిటికీలు తెరిచి ఉంటాయా అని. కమ్లి చెబుతుంటే ఆమె ముఖం మారింది. డాక్టర్‌ను పిలుచుకొచ్చింది. ఆయన రెండే ప్రశ్నలు వేసి, ఇంకెంతమందికి ఇలా అయిందని అడిగాడు.

"మూసిన గదిలో పొట్టు మండిన గాలి వదిలితే విషమైతది అక్కా," అంది స్వాతి. "కంటికి కనపడదు, దానికంటూ వాసనుండదు. ముందు తలనొప్పి, మల్ల కక్కుడు, మల్ల నిద్ర. ఇంకో గంట గట్లనే ఉంటే ఈ పిల్ల లేవకపోతుండె. ముందుగాల గా మిషన్ బంద్ చేపియ్యి."

కమ్లి బెంచీ మీద కూలబడింది. బాణామతి కాదు. భూమవ్వ కాదు. తను బొగ్గుతో గీసి చేయించిన గొట్టం. తను కొట్టించిన ప్లాస్టిక్. రోజూ పొద్దున ఆ తలుపు తానే మూయించింది.

అప్పుడే దేవ్‌సింగ్ ఫోన్ మోగింది. అవతల మాటలు వింటూ అతను బయటికి నడిచాడు. తిరిగొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ప్రియాంక సంగతి తండల తెల్సిందట. రేపు పొద్దుగాల్నే భూమవ్వను నాయక్ వాకిట్లకు పట్టుకొస్తరట. డోంగ్లి దిక్కు నుంచి ఎవరో మంత్రగాన్ని పిలిపిస్తుర్రట."

కమ్లి బెంచీ మీంచి లేచింది.

"నువ్వు ఏం చెప్పకు," అన్నాడు దేవ్‌సింగ్. "నీ షెడ్డే జేసిందంటే మన మీద పడ్తరు. కండ్లకు కనబడని గాలి అంటే ఎవరు నమ్ముతరు? గా గాలి కూడ బాణామతే అంటరు. నువ్వే చేసినవంటరు."

అతని మాటలో అబద్ధం లేదు. కనపడనిదాన్ని నమ్మే మనుషులకు ఇంకో కనపడనిదాని గురించి ఎలా చెప్పాలి? చెప్పకుండా ఊరుకుంటే షెడ్డు నిలుస్తుంది, కిటికీలు తీసి పని చేసుకోవచ్చు, కంటైనర్ పోతుంది. భూమవ్వకు మాత్రం పళ్లుండవు. లేదా ప్రాణమే ఉండదు. తెల్లవారేదాకా ఆమె బిడ్డ మంచం పక్కన కూర్చుంది. లేచేటప్పుడు దేవ్‌సింగ్‌తో, "పోలీసులకు ఫోన్ చెయ్యి," అంది. "వాళ్లొచ్చే దాక నేను సూస్కుంట." బిడ్డను స్వాతికి అప్పగించి ఆటో ఎక్కింది.

భిక్యా వాకిట్లో తండా అంతా ఉంది. భూమవ్వ అరుగు కింద మట్టిలో కూర్చుని ఉంది. జుట్టు ముడి ఊడి ముఖం మీద పడింది. ఆమె ఏడవడం లేదు. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని ఉంది. అది చూసి కమ్లి అక్కడే ఆగింది. ఎవరికీ కనపడకుండా గోడ చాటున నిలబడింది. వెనక్కి వెళ్లిపోదామని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది.

"కాకా," అంది. ఎవరూ తిరిగి చూడలేదు. మళ్లీ అంది. "కాకా, గా అవ్వను ఇడువు. మిషన్ల తప్పుంది. గా తప్పు నాది."

వాకిలంతా ఆమె వైపు తిరిగింది. ఆమె దవాఖానలో విన్నదంతా చెప్పింది. మధ్యలో మాటలు తడబడ్డాయి. ఎవరో నవ్వారు. ఇంకెవరో, గాలి విషమైతే మరి పొయ్యి ముందర కూసునే మనమంత ఎప్పుడో సావాలె గదా అన్నారు. వెనకనుంచి ఒక గొంతు, "ఇద్దరు కలిసే చేసిర్రు," అంది. ఆ మాట వాకిట్లో పాకిపోవడం కమ్లికి కళ్లతో చూసినట్టే తెలిసింది. మనుషులు ఒకరికొకరు దగ్గరగా జరిగారు.

"నాకు లోపల ఉంటెనే తల తిరిగింది," అంది హఠాత్తుగా భీమ్లి. "బయట పండవెట్టంగనే మంచిగయింది. భూమవ్వ గా దినం తండలకే రాలే."

భిక్యా చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "నీ మాట నిజమని ఎట్ల తెల్వాలె?" అని కమ్లిని అడిగాడు.

ఆమె ఆలోచించుకుని వచ్చింది కాదు. నోటికి వచ్చింది. "నేను పోయి షెడ్డుల కూసుంట. తలుపులు మూయుండ్రి. ముందుగాల మిషన్ బంద్ పెట్టుండ్రి. గప్పుడు నాకేం గాదు. మల్ల పొట్టు అంటవెట్టుండ్రి. అవ్వ ఈడ మీ ముంగటనే ఉంటది. ఆమె చేసేదైతే మిషన్ దాక ఎందుకు ఆగాలె?"

దేవ్‌సింగ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది. భిక్యా లేచి ఆమె వెంట షెడ్డు దాకా నడిచాడు.

లోపల జొన్నపిండి వాసన. ప్లాస్టిక్ కవర్ల మీద వాన చప్పుడు. కమ్లి ప్రియాంక కూర్చున్నచోటే కూర్చుంది. మిషన్ ఆపి ఉన్నంతసేపు ఏమీ కాలేదు. కిటికీ ప్లాస్టిక్ అవతల మసగ్గా భిక్యా ఆకారం కనిపిస్తోంది. తర్వాత వెనక పీపా మూత చప్పుడయింది. బ్లోయర్ హోరు మొదలైంది. వెచ్చటి గాలి కాళ్లను తాకింది. హాయిగా ఉంది, అదే ఆమెకు ఎక్కువ భయమేసింది. చాలాసేపు ఏమీ తెలియలేదు. నర్సు చెప్పింది తప్పేమో, నేను లేచి నడుచుకుంటూ బయటికి పోతే అప్పుడు భూమవ్వ గతేమిటి అనుకుంది. ఆ తర్వాత నుదుటి దగ్గర ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు మొదలైంది. నొప్పి కణతలకు పాకింది. కాళ్లు బరువెక్కాయి. లేవాలి అనుకుంది. లేవాలనుకోవడానికీ లేవడానికీ మధ్య ఏదో తెగిపోయింది. తలుపు తట్టమని చేతికి చెబుతోంది, చెయ్యి ఒళ్లోనే ఉంది. మేనత్త మొహం కనపడింది, కొంగు లేకుండా. ఆమెకు గుర్తున్నది అంతవరకే.

దేవ్‌సింగ్ భిక్యా అనుమతి కోసం ఆగలేదు. ప్లాస్టిక్ చింపి కిటికీలోంచి చూసి తలుపు తన్నాడు. ఆమెను ఎత్తుకురావడానికి అతనితో పాటు లోపలికి పోయిన భిక్యా గొట్టం నోటి దగ్గర ఆగి చూడబోయి, దగ్గుకుంటూ తల పట్టుకుని బయటికొచ్చి నేల మీద కూర్చున్నాడు. నాయక్ వాకిట్లో అరుగు కింద భూమవ్వ అలాగే నోరు మూసుకుని ఉంది. ఆమె కదల్లేదని అక్కడ కాపలా ఉన్నవాళ్లంతా చూశారు. పోలీసు జీపు అప్పుడే తండాలోకి వచ్చింది.

కమ్లికి దవాఖానలో తెలివొచ్చింది. పక్క మంచం మీద కూతురు. స్వాతి ఆమెను బాగా తిట్టింది. "నీకేమన్నయితే గా పిల్లకు ఎవరున్నరు? నిజం చెప్పనీకె సావాల్నా?" అంది. అప్పుడు వేరే దారి తోచలేదని కమ్లి తర్వాత చెప్పేది. చేసింది మంచిపని అని మాత్రం ఏనాడూ అనలేదు.

పోలీసులు భూమవ్వను మద్నూర్‌లో కూతురి దగ్గర దింపారు. మంత్రగాడు రాలేదు. తండాలో ఆ మాట మెల్లగా సద్దుమణిగింది గానీ, కొందరు ఇప్పటికీ తలూపరు. విషగాలీ, బాణామతీ రెండూ ఉండి ఉండొచ్చంటారు.

షెడ్డుకు తాళం పడింది. కంటైనర్ రొట్టెలు లేకుండానే పోయింది. జరిగింది జరిగినట్టు కేరళ ఆయనకు కమ్లి ఫోన్లో చెప్పించింది. ఆయన జాలిపడ్డాడు, ఆర్డర్ మాత్రం సరిహద్దు అవతలివాళ్లకు ఇచ్చాడు. హరనాథబాబు చాలాకాలం ఫోనెత్తలేదు.

ఏడాది తిరిగాక ఆయనే తండాకు వచ్చాడు. అవతలివాళ్ల రొట్టె మందంగా ఉందని, విరిస్తే ఆ చప్పుడు రావడం లేదని షార్జాలో అంటున్నారట. ఈసారి ఆయన ఒక ఇంజినీర్‌ను వెంటబెట్టుకొచ్చాడు. మండిన గాలి ఒక గొట్టంలో పైకి పోయి, వేడి మాత్రమే వేరే గొట్టంలో లోపలికొచ్చే పద్ధతి పెట్టారు. రొట్టెలు కాల్చడం మళ్లీ ఇళ్లకే పోవాలని ఆడవాళ్లు పట్టుబట్టారు. ఆరబెట్టడం, సర్దడం మాత్రం షెడ్డులో. ఇంటి పొయ్యిలు కూడా వచ్చి చూసి ఫోటోలు తీసుకోమని కమ్లి దుకాణాలవాళ్లకు చెప్పించింది. కొందరు కాదన్నారు, ఇద్దరు ఒప్పుకున్నారు. షెడ్డులో తలుపు మూయకూడదని భిక్యా తన వాకిట్లో కూర్చుని అందరిచేతా ఒప్పించాడు. లైసెన్సులో రాసిన నియమాలకంటే ఆ మాటే తండాలో గట్టిగా నడుస్తోంది.

కమ్లి ఒకసారి మద్నూర్ పోయి భూమవ్వను కలిసింది. రోడ్డు మీద లారీల రొదలో ముసలమ్మ గడపలో కూర్చుని చీపురు కడుతోంది.

"మల్ల మన దిక్కు రా అవ్వా. ఇల్లు జర మంచిగ చేయిస్త," అంది కమ్లి.

"నీ మీద కోపం లేదు బిడ్డ," అంది భూమవ్వ. "నువ్వు రాకముందు చానసేపు కూసున్న ఆడ. నా ఆకు పసరు తాగి పెరిగిన పోరగాండ్లు నా చేతులు పట్టుకున్నరు. గా మొఖాలు యాదికొస్తయ్. నేను రాను."

కమ్లి ఒక చీపురు కొనుక్కుని బస్సెక్కింది.

ఇప్పుడు డబ్బాలు షార్జాకు పోతున్నాయి, మస్కట్‌కు కూడా పోతున్నాయి. ప్రియాంక డిగ్రీ అయిపోయి లెక్కలన్నీ తనే చూస్తోంది, అప్పుడప్పుడూ తలనొప్పి వస్తుంది, వానాకాలంలో ఎక్కువ. కమ్లి పొద్దున్నే అందరికంటే ముందు షెడ్డులోకి వెళ్తుంది. పొట్టు అంటించి, గొట్టం నోటి దగ్గర ఒంటరిగా కాసేపు కూర్చుని, నుదుటి మీద ఏమైనా నొక్కుతున్నట్టుందా అని చూసుకుంటుంది. అలా చేయొద్దని ఇంజినీర్ చెప్పాడు, గాలిని చూసే చిన్న మిషన్ ఒకటి గోడకు బిగించి వెళ్లాడు. ఆమె దాన్నీ చూస్తుంది. అయినా కూర్చుంటుంది. పగలు ఎవరైనా కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటే, షెడ్డు అవతలి కొస నుంచి ఆమె చేతిలో పని వదిలేసి వస్తుంది.

"తల నొస్తుందా?" అని అడుగుతుంది. లేదన్నా నమ్మదు. బయటికి తీసుకెళ్లి గాలిలో కూర్చోబెడుతుంది.